ఎకనామెట్రిక్స్‌లో పీజీ: తెల్లకాగితం నుంచి పరిశోధన దాకా

ఎకనామెట్రిక్స్‌లో పీజీ చేయాలనుకుంటున్నామంటూ ఏటా కొందరు విద్యార్థులు నా దగ్గరకు వస్తుంటారు. చాలామంది ముందుగా అడిగేది విశ్వవిద్యాలయం పేరే. ఏది మంచిది, ఎన్ని సీట్లు, కోచింగ్ ఎక్కడ. నేను వాళ్ల చేతికి ఒక తెల్లకాగితం ఇచ్చి, శూన్యం కాని రెండు మాత్రికలు రాసి వాటి లబ్ధం శూన్యమాత్రిక అవుతుందని చూపించమంటాను. ఇంటర్ గణితంలోని సంగతే. కొందరు అర నిమిషంలో రాసేస్తారు. కొందరు పది నిమిషాలు తంటాలు పడి వెతికి పట్టుకుంటారు. ఈ రెండు రకాలవారి గురించీ నాకు బెంగ లేదు. ‘ఇది సిలబస్‌లో ఉందా సార్’ అని అడిగేవారి కోసమే ముఖ్యంగా ఇది రాస్తున్నాను. వాళ్లకు తెలివి తక్కువేమీ కాదు. లెక్కను తమ చేత్తో చేసి చూసే అలవాటు ఎక్కడో మధ్యలో తప్పిపోయింది. అది తిరిగి వస్తే మిగతా దారి నడవగలిగినదే.

ముందు ఈ చదువు ఏమిటో తెలుసుకోండి

ధర పెరిగితే గిరాకీ తగ్గుతుందని అర్థశాస్త్రం చెబుతుంది. ఎంత పెరిగితే ఎంత తగ్గుతుందో లెక్కగట్టి, ఆ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెప్పేది ఎకనామెట్రిక్స్. తెలుగులో అర్థమితి శాస్త్రం అంటారు. 1930లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఎకనామెట్రిక్ సొసైటీ ఏర్పడింది. 1969లో అర్థశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి రాగ్నార్ ఫ్రిష్, యాన్ టింబర్గెన్ అనే ఇద్దరు ఎకనామెట్రిక్స్ పండితులకే దక్కింది. క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ అనే పేరు ఇంకా విశాలమైనది. ఎకనామెట్రిక్స్‌తో పాటు గేమ్ థియరీ, ఆప్టిమైజేషన్, ఆర్థిక నమూనాల నిర్మాణం అందులోకి వస్తాయి.

ఇది మనకు కొత్త విద్య కాదు. ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. పూర్తి చేసి ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1948లో ఆయన ప్రతిపాదించిన స్కోర్ పరీక్షనే (మనం అనుకున్న నమూనాకు డేటా సరిపోతుందో లేదో తేల్చే లెక్క) ఎకనామెట్రిక్స్ పుస్తకాలు లగ్రాంజ్ మల్టిప్లయర్ పరీక్ష అంటాయి. బ్రూష్-పేగన్ పరీక్ష అని కంప్యూటర్‌లో మీరు ఒక ఆదేశం ఇచ్చినప్పుడల్లా దాని అడుగున ఆ ఆలోచనే ఉంటుంది. ఎకనామెట్రిక్స్ పండితుడు జి.ఎస్. మద్దాల కూడా ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే గణితం చదివి, బొంబాయిలో స్టాటిస్టిక్స్ ఎం.ఏ. చేసి, 1963లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ పొందారు. ఉద్యోగం ఉందా లేదా, ఓటు వేశారా లేదా వంటి ‘అవును-కాదు’ సమాచారాన్ని విశ్లేషించే పద్ధతులపై 1983లో వచ్చిన ఆయన గ్రంథాన్ని పరిశోధకులు ఇప్పటికీ తిరగేస్తుంటారు. ఇద్దరూ గణితం గుమ్మం గుండానే లోపలికి వెళ్లారు. ఈ మాట గుర్తుంచుకోండి.

గణితానికి ఒక పూర్తి ఏడాది

డిగ్రీ రెండో సంవత్సరం చివర మొదలుపెడితే మంచిది. మూడో ఏడాదిలో మొదలుపెట్టినా ఫరవాలేదు కానీ, ప్రవేశ పరీక్షకు మూడు నెలల ముందు మొదలుపెడితే మాత్రం చాలదు. ఎంపీసీ, ఎంఈసీ చదివినవారికి పునాది ఉంటుంది. సీఈసీ నుంచి వచ్చినవారు ముందుగా ఒక విషయం చూసుకోవాలి. కొన్ని కోర్సులకు ఇంటర్ స్థాయిలో గణితం చదివి ఉండటం అర్హత నిబంధనలోనే ఉంటుంది. అది చూడకుండా ఏడాది కష్టపడి చివరికి దరఖాస్తు దగ్గర ఆగిపోయినవారిని చూశాను.

ఏది ముందు, ఏది తర్వాత? మొదట కలనం (కాలిక్యులస్): అవధులు, అవకలనం, సమాకలనం ఇంటర్ పుస్తకాల నుంచే మళ్లీ చేయండి. ఆ తర్వాత రెండు మూడు చలరాశుల ప్రమేయాలు, పాక్షిక అవకలజాలు, షరతులకు లోబడి గరిష్ఠ కనిష్ఠాలు కనుక్కునే లగ్రాంజ్ పద్ధతి. మైక్రో ఎకనామిక్స్‌లో సగభాగం ఈ పద్ధతి మీదే నడుస్తుంది.

రెండోది లీనియర్ ఆల్జీబ్రా. దీనిమీద ఎక్కువ కాలం పెట్టండి. మన డిగ్రీ పరీక్షల్లో మాత్రిక విలోమం కనుక్కోమంటారు, కోటి (ర్యాంక్) కనుక్కోమంటారు. పిల్లలు యంత్రాల్లా చేసేస్తారు. కోటి అంటే ఏమిటని అడిగితే మాట రాదు. మాత్రికలోని నిలువు వరుసల్లో ఒకటి మిగతావాటితో తయారవుతుంటే అది కొత్త సమాచారమేమీ ఇవ్వడం లేదని అర్థం. ఇది తలకెక్కితే, మగవారికి ఒక డమ్మీ (అవునైతే 1, కాకపోతే 0 వేసే గడి), ఆడవారికి ఒక డమ్మీ, దానితో పాటు స్థిరాంకం, మూడూ ఒకే సమీకరణంలో పెడితే సాఫ్ట్‌వేర్ ఎందుకు ఒకదాన్ని తీసేస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక బిందువు నుంచి తలానికి లంబం దించడం అనే బొమ్మను బాగా మనసులో నిలుపుకోండి. దానితో త్వరలోనే పని పడుతుంది.

మూడోది సంభావ్యత, స్టాటిస్టిక్స్. షరతుతో కూడిన సగటు (ఇంత చదివినవారి సగటు జీతం ఎంత వంటిది) అనే భావన దగ్గర తొందరపడవద్దు. ఎకనామెట్రిక్స్ మొత్తానికి అదే ఇరుసు. నాలుగోది రియల్ అనాలిసిస్. బీఎస్సీ గణితం చదివినవారికి ఇది ఎటూ ఉంటుంది. బీఏ వారు కనీసం అనుక్రమాలు, అభిసరణం, అవిచ్ఛిన్నత వరకు నిరూపణలతో సహా చదవాలి. చదవడమంటే పుస్తకం మూసి నిరూపణను మళ్లీ రాయడం.

రోజుకు రెండు గంటలు చాలు. అయితే ఆ రెండు గంటల్లో వీడియో చూసిన సమయాన్ని కలపకండి. ఎన్‌పీటీఈఎల్, స్వయం వేదికల్లో చక్కని పాఠాలు ఉచితంగా ఉన్నాయి. తప్పకుండా వినండి. కానీ పాఠం వింటున్నప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది, కలం పట్టుకున్నప్పుడే తెలియనిది బయటపడుతుంది.

ఒక్క రిగ్రెషన్‌నైనా చేత్తో చేయండి

రిగ్రెషన్ అంటే ఒకటి మారితే మరొకటి సగటున ఎంత మారుతోందో చూపే గీతను డేటా నుంచి కనుక్కోవడం. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోకముందే ఈ పని చేయాలి. అయిదుగురు రైతులు ఉన్నారనుకోండి. లెక్క సులువుగా ఉండాలని అంకెలు నేనే కల్పించాను. ఎకరాకు వేసిన ఎరువు బస్తాలు వరసగా 1, 2, 3, 4, 5. పండిన ధాన్యం బస్తాలు 18, 21, 22, 26, 28. ఎరువు సగటు 3, ధాన్యం సగటు 23. సగటు నుంచి తేడాలు రాయండి. ఎరువుకు -2, -1, 0, 1, 2. ధాన్యానికి -5, -2, -1, 3, 5. జతజతగా గుణించి కూడితే 25. ఎరువు తేడాల వర్గాల మొత్తం 10. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే వాలు 2.5. అంటే ఎరువు ఒక బస్తా ఎక్కువ వేసిన పొలంలో సగటున రెండున్నర బస్తాల ధాన్యం ఎక్కువ కనిపిస్తోంది. స్థిరాంకం 15.5.

ఇక్కడ ఆగకండి. ఈ గీత అంచనా వేసే దిగుబడులు 18, 20.5, 23, 25.5, 28. అసలు దిగుబడి నుంచి వీటిని తీసేస్తే మిగిలేవి 0, 0.5, -1, 0.5, 0. కూడి చూడండి, సున్నా. ఇప్పుడు ఒక్కో మిగులును ఆ రైతు వేసిన ఎరువు బస్తాలతో గుణించి కూడండి: 0, 1, -3, 2, 0. మళ్లీ సున్నా. ఇది కాకతాళీయం కాదు. ఇందాక చెప్పిన లంబం ఇదే. మిగులు ఎరువుకు లంబంగా ఉండేలా గీత గీయడమే కనిష్ఠ వర్గాల పద్ధతి. మాత్రికల భాషలో పుస్తకం అరపేజీలో నిరూపించేదాన్ని మీరు అయిదుగురు రైతులతో కళ్లారా చూశారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ రెండున్నర బస్తాలు ఎరువు వల్లే వచ్చాయా? బోరుబావి ఉన్న రైతు నీటికి ధీమా ఉంది కాబట్టి ఎరువు ఎక్కువ వేస్తాడు. నీళ్లున్నాయి కాబట్టి పంటా ఎక్కువ పండుతుంది. మన లెక్కలో నీరు లేదు. నీటి ఫలితంలో కొంత ఎరువు ఖాతాలో పడిపోయింది. మిగులు ఎరువుకు లంబంగా ఉందని మనం చూసింది లెక్క ప్రకారం మాత్రమే. లోకంలో, మనకు కనిపించని కారణాలు ఎరువుతో ముడిపడి ఉన్నాయి. ఈ రెండింటి మధ్య తేడా గ్రహించిన రోజున మీరు ఎకనామెట్రిక్స్‌లో అడుగుపెట్టినట్టు. రెండేళ్ల పీజీలో నేర్చుకునే ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్, ప్యానెల్ డేటా, యాదృచ్ఛిక ప్రయోగాలు వంటి పద్ధతులన్నీ ఈ బోరుబావి చిక్కును విప్పడానికి పుట్టినవే.

ఎక్కడ చదవాలి, పరీక్షలు ఎలా ఉంటాయి

గణితం మీద ఇష్టం ఉన్నవారికి నా మొదటి సిఫార్సు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1931లో స్థాపించిన ఈ సంస్థ కోల్‌కతా, ఢిల్లీ కేంద్రాల్లో క్వాంటిటేటివ్ ఎకనామిక్స్‌లో రెండేళ్ల ఎం.ఎస్. నడుపుతోంది. అర్థశాస్త్రం చదివినవారే కాక గణితం, స్టాటిస్టిక్స్, ఇంజినీరింగ్ నేపథ్యం ఉన్నవారూ ఇందులో చేరుతుంటారు. చదువుకునే కాలంలో స్టైపెండ్ కూడా ఇస్తారు. కాబట్టి ఇంటి ఆర్థిక పరిస్థితి చూసి వెనకడుగు వేయకండి. ప్రవేశ పరీక్షలో గణితం ఒకటి, అర్థశాస్త్రం ఒకటి, రెండు పత్రాలు. అర్థశాస్త్రం పత్రంలో జవాబును వాదనతో, లెక్కతో వివరంగా రాయాలి. మన విద్యార్థులు తడబడేది అక్కడే. ‘గుత్తాధిపత్యం లక్షణాలు తెలపండి’ అనే ప్రశ్నకు అలవాటుపడి ఉంటాం. అక్కడ రెండు మార్కెట్ల గిరాకీ సమీకరణాలిచ్చి, ఒకే ధర పెట్టాలని ప్రభుత్వం ఆదేశిస్తే ఎవరికి లాభమో నిరూపించమంటారు. పాత ప్రశ్నపత్రాలు సంస్థ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. కనీసం అయిదేళ్లవి జవాబులు చూడకుండా, గడియారం పెట్టుకుని పూర్తిగా రాయండి.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వంటి చోట్ల ఎం.ఏ. ప్రవేశాలకు సీయూఈటీ పీజీ రాయాలి. ఇది బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష కాబట్టి వేగం, విస్తృతి రెండూ కావాలి. 1987లో రిజర్వ్ బ్యాంకు ముంబైలో నెలకొల్పిన ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ రీసెర్చ్ ఎం.ఎస్సీ.కి తన సొంత పరీక్ష పెడుతుంది. పీహెచ్‌డీ దాకా వెళ్లాలనుకునేవారు దీన్ని తప్పక దృష్టిలో పెట్టుకోవాలి.

ఎకనామెట్రిక్స్‌కే ప్రత్యేక విభాగం ఉన్న విశ్వవిద్యాలయాలు దేశంలో తక్కువ. వాటిలో ఒకటి తిరుపతిలో, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఉందన్న సంగతి చాలామంది తెలుగు విద్యార్థులకే తెలియదు. మద్రాసు విశ్వవిద్యాలయంలోనూ అలాంటి విభాగం ఉంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్, తెలంగాణవాటికి సీపీగెట్ రాయాలి. దూరం వెళ్లలేని పరిస్థితి ఉన్నవారు ఈ దారిని చిన్నచూపు చూడకండి. తరగతిలో చెప్పే పాఠానికి తోడు పై గణితాన్ని సొంతంగా చదివి, రియల్ డేటాతో ఒక మంచి ప్రాజెక్టు చేసినవారు అక్కడి నుంచీ ముందుకు వెళ్లగలరు.

మొదటి సెమిస్టర్

మొదటి ఆరు వారాలు కష్టంగా ఉంటాయి. డిగ్రీలో తొంభై శాతం తెచ్చుకున్నవారికి మొదటి పరీక్షలో యాభై వస్తే కుంగిపోతారు. వారం వారం ఇచ్చే ప్రశ్నావళే ఇక్కడ అసలు చదువు. ముగ్గురు నలుగురు కలిసి కూర్చోండి. అయితే ప్రతి ప్రశ్నతోనూ ముందు ఒంటరిగా గంటసేపు కుస్తీ పట్టాకే కలవండి. ఇంగ్లిషులో చెప్పలేనేమోనని ప్రశ్న అడగడం మానేయవద్దు. బోర్డు దగ్గరకు వెళ్లి ఏ వరుస దగ్గర ఆగిపోయారో వేలు పెట్టి చూపిస్తే చాలు.

మన చేతికందే దూరంలో ఉన్న డేటా

రెండో సెమిస్టర్ నాటికి ఒక నిజమైన సర్వే సమాచారాన్ని చేతుల్లోకి తీసుకోవాలి. కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ 2017-18 నుంచి నిర్వహిస్తున్న శ్రామిక సర్వే, పీఎల్‌ఎఫ్‌ఎస్, వ్యక్తిగత స్థాయి వివరాలతో ఉచితంగా దొరుకుతుంది. తెరవగానే గాభరా పడతారు. తొలి సంవత్సరాల ఫైళ్లు ఖాళీలు లేని అంకెల వరసల్లా ఉంటాయి. ఏ అంకె ఎన్నో స్థానం నుంచి ఎన్నో స్థానం వరకు ఉందో వేరే పట్టిక చూసి విడదీయాలి. ప్రతి వ్యక్తికీ ఒక గుణకం ఉంటుంది. ఆ ఒక్కరు ఎంతమందికి ప్రతినిధో చెప్పే సంఖ్య అది. ఆ ఫైళ్లలో రెండు ప్రత్యేక గడుల విలువలు సమానమైతే దాన్ని 100తో, కాకపోతే 200తో భాగించాలి. ఏడాది మొత్తానికి లెక్కగట్టేటప్పుడు త్రైమాసికాల సంఖ్యతో కూడా భాగించాలి. ఇవి సర్వేతో పాటు ఇచ్చే సూచనల పత్రంలో ఉంటాయి. దాన్ని చదవకుండా నిరుద్యోగ రేటు లెక్కగట్టేవారే ఎక్కువ. మొదటి పనిగా గుణకాలన్నీ కూడి, రాష్ట్ర జనాభాకు దగ్గరగా వస్తోందో లేదో చూడండి. రాకపోతే మిగతా లెక్కలేవీ మొదలుపెట్టకండి.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, ‘ఆర్’ ఉచితం, దానితోనే ప్రారంభించండి. చాలా పరిశోధన సంస్థల్లో స్టాటా వాడతారు, అది తర్వాత నేర్చుకోవచ్చు. ఏది వాడినా మౌస్‌తో నొక్కి ఫలితం తీయవద్దు. ప్రతి అడుగూ ఒక ఫైలులో ఆదేశంగా రాసి ఉంచాలి. ఆరు నెలల తర్వాత ఆ ఫైలును మళ్లీ నడిపితే అవే అంకెలు రావాలి.

ఊళ్ల గురించి చదవాలనుకునేవారికి మన దగ్గరే ఒక నిధి ఉంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో గ్రామస్థాయి అధ్యయనాలు మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్ ప్రాంతంలోని ఔరేపల్లి, డోకూర్ ఆ తొలి గ్రామాల్లో ఉన్నాయి. అవే కుటుంబాలను ఏళ్ల తరబడి పలకరించి ఆదాయం, ఖర్చు, పంట, అప్పు నమోదు చేశారు. రాబర్ట్ టౌన్‌సెండ్ ఔరేపల్లితో సహా మూడు గ్రామాల సమాచారంతో 1994లో ఎకనామెట్రికా పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఒక ఇంటి రాబడి పడిపోయినా ఆ ఇంటి వినియోగం అదే స్థాయిలో పడిపోవడం లేదు, ఊరి సగటు వినియోగంతో పాటు కదులుతోంది అన్నది అందులో తేలింది. చేబదుళ్లు, చుట్టాల సాయం, ధాన్యం నిల్వ ఎలా పనిచేస్తాయో మన పెద్దలకు తెలుసు. అది ఎంత గట్టిగా పనిచేస్తోందో కొలవడం ఆ వ్యాసం చేసిన పని. ప్రపంచమంతా పీహెచ్‌డీ విద్యార్థులు ఆ ఊరి పేరు చదువుతారు. మనవాళ్లు ఆ ఊరికి బస్సులో వెళ్లి రాగలరు.

వ్యాసాలు చదవడం కూడా సాధన చేయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో ఉపాధ్యాయులకు ఫలితాన్ని బట్టి బోనస్ ఇచ్చిన ప్రయోగం మీద కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2011లో ప్రచురించిన వ్యాసంతో మొదలుపెట్టండి. రెండేళ్లకు గణితంలో 0.27, భాషలో 0.17 క్రమ విచలనాల (స్టాండర్డ్ డీవియేషన్, అంటే మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మెరుగుదల కనిపించిందని అది చెబుతుంది. ‘0.27’ అంటే ఎంతో మీ అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగే దాకా ఆ వాక్యాన్ని వదలవద్దు. సరిగ్గా మధ్యలో ఉండే పిల్లవాడు వందమంది వరసలో సుమారు యాభయ్యో స్థానం నుంచి మరో పదిమందిని దాటాడన్న మాట.

చదువు తర్వాత

యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షకు అర్థశాస్త్రంతో పాటు ఎకనామెట్రిక్స్ పీజీ కూడా అర్హతే. రిజర్వ్ బ్యాంకులో ఆర్థిక పరిశోధన విభాగం అధికారుల నియామకాల్లోనూ అంతే. అధ్యాపకులు కావాలనుకుంటే యూజీసీ నెట్. పీహెచ్‌డీకి ముందు ఒకటి రెండేళ్లు పరిశోధన సహాయకులుగా చేయాలనుకునేవారికి పేదరిక నిర్మూలన కార్యక్రమాలను ప్రయోగాలతో పరీక్షించే జె-పాల్ దక్షిణాసియా వంటి సంస్థలున్నాయి. అక్కడ ఊరూరా తిరిగి సర్వే చేయించడం, తప్పుల తడక డేటాను శుభ్రం చేయడం నేర్చుకుంటారు. ఈ అనుభవం పీహెచ్‌డీ దరఖాస్తులో బాగా కలిసివస్తుంది.

విదేశాలకు వెళ్లేవారికి

అమెరికాలో అర్థశాస్త్రం పీహెచ్‌డీకి మంచి విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఫీజు మాఫీతో పాటు స్టైపెండ్ ఇస్తాయి. అయిదారేళ్లు పడుతుంది. మొదటి ఏడాది మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్, ఆ తర్వాత అర్హత పరీక్షలు. ఎక్కువ గడువులు డిసెంబరులో ఉంటాయి. చాలా విభాగాలు జీఆర్ఈ అడుగుతాయి, అందులో గణిత విభాగంలో 170కి ఎంత దగ్గరగా వస్తే అంత మంచిది.

మాస్టర్స్‌కు వెళ్లేవారి సంగతి వేరు, అక్కడ ఖర్చు మీదే. ఒక వివరం తప్పక చూసుకోండి. అమెరికాలో ప్రతి కోర్సుకూ ప్రభుత్వ వర్గీకరణ సంఖ్య ఉంటుంది. సాధారణ ఎకనామిక్స్‌కు 45.0601, ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్‌కు 45.0603. రెండోది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంది, మొదటిది లేదు. చదువు తర్వాత ఓపీటీ (విద్యార్థి వీసా మీద అక్కడే పనిచేసే అనుమతి) కింద ఉండే ఒక ఏడాదికి మరో 24 నెలలు కలిసేది స్టెమ్ కోర్సులకే. డిగ్రీ పేరు ఒకటే అయినా రెండు విశ్వవిద్యాలయాల్లో సంఖ్య వేరుగా ఉండవచ్చు. వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో ఏ సంఖ్య పడుతుందో అప్పు తీసుకోకముందే విభాగానికి రాసి కనుక్కోండి. ముప్పై నలభై లక్షల రుణం ఆ ఆరు అంకెల మీద ఆధారపడి ఉండవచ్చు.

యూరప్‌లో 1987లో ఏర్పడిన టింబర్గెన్ ఇన్‌స్టిట్యూట్‌కు, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోని ఎకనామెట్రిక్స్-మ్యాథమెటికల్ ఎకనామిక్స్ ఎం.ఎస్సీ.కి గట్టి పేరుంది. గణితం బలంగా లేనివారు ఆ దరఖాస్తు రుసుము ఖర్చు చేయకపోవడమే మంచిది.

చివరిగా సిఫార్సు లేఖలు. మన దగ్గర చాలామంది గడువుకు రెండు రోజుల ముందు వెళ్లి, ఏదో ఒకటి రాసిచ్చేయండి సార్ అంటారు. లేఖ రాసే గురువుకు మీ గురించి చెప్పడానికి ఏదైనా ఉండాలి కదా! ఆయన దగ్గర కనీసం ఒక సెమిస్టర్ ప్రాజెక్టు చేయండి. గడువుకు ఆరు వారాల ముందే అడగండి. అడిగేటప్పుడు మార్కుల జాబితా, మీ ప్రాజెక్టు సారాంశం ఒక పేజీ, ఆ ప్రాజెక్టులో మీరు ఎక్కడ చిక్కుకుని ఎలా బయటపడ్డారో నాలుగు వాక్యాలు, అన్ని విశ్వవిద్యాలయాల గడువులూ వరుసగా రాసిన ఒకే కాగితం ఆయన బల్లమీద పెట్టండి. పది రోజుల తర్వాత ఒకసారి వెళ్లి పలకరించండి.